కాలువ కట్టేసేలోపు

ప్రతి నెలా మొదటి ఆదివారం మందిరంలో ప్రభు సంస్కారం ఇస్తారు. రొట్టె పళ్ళెం మగవాళ్ళ చాపల మీదుగా చేతులు మారుతూ వస్తుంటే క్రీస్తుదాసు మోకాళ్ళు పక్కకి జరుపుకొని దారి ఇచ్చేవాడు. పళ్ళెం అతన్ని దాటి పక్కవాడి చేతిలోకి పోయేది. ఆ వెనకే ద్రాక్షారసం, అదీ అంతే. ఆడవాళ్ళ వైపు నుంచి అతని భార్య నాగరత్నం, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకునే ముందు ఒక్కసారి ఇటు చూసేది. ఆ చూపు తప్పించుకోవడానికి అతను పైన తిరిగే ఫ్యానుకేసి చూస్తూ కూర్చునేవాడు.

అరవై దాటినా అతనికి ఇంకా బాప్తిస్మం కాలేదు, అది కానివాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదు. పేరు క్రీస్తుదాసు, కూర్చునేది గుమ్మం పక్కన అని కొల్లేటి లంకలో వాళ్ళ ఊరంతా వేళాకోళం. నమ్మకం లేక కాదు. అది తల్లిపాలతోనే వచ్చింది అతనికి. పొద్దున్నే కళ్ళు తెరిచినా, ముద్ద నోట్లో పెట్టుకున్నా ప్రభువా అనుకోకుండా ఉండలేడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు సంఘం ముందు నిలబడి, ప్రభువు నన్ను ఫలానా చోట పిలిచాడని సాక్ష్యం చెప్పాలి. సంఘంలో ప్రసన్నకుమారిని కలలో పిలిచాడట. ఆమె అల్లుణ్ణి బస్సు బోల్తా పడ్డ చోట, తుప్పల్లో పడి ఉండగా పేరుపెట్టి పిలిచాడట. చేపల చెరువు కాపలా మనిషిని కూడా తెల్లారుజామున గట్టు మీద పిలిచాడట. క్రీస్తుదాసునే పిలవలేదు. పిలవని పేరంటానికి ముస్తాబై పోవడం మర్యాద కాదని అతని పట్టు.

అలాగని ఊరుకున్నాడా అంటే, చెవులు రిక్కించుకునే బతికాడు. గూడబాతులు కొల్లేటి నీళ్ళ మీద వాలుతుంటే ఆ రెక్కల చప్పుడులో వెతికాడు. కిక్కిస గడ్డి పొదల్లోంచి గాలి ఈల వేసుకుంటూ పోతే పడవ ఆపి విన్నాడు. తాటాకులు గలగలమంటే తల పైకెత్తాడు. అన్నీ బాగానే ఉండేవి. ఇంత అందంగా చేసినవాడికి నోరు లేకుండా ఉంటుందా అనిపించేది. ఒక్కసారి దాసూ అంటే చాలు. అంతకన్నా అడగలేదు అతను. ఆ రెండు అక్షరాల కోసం కడుపులో ఆకలిలాంటిది ఒకటి ఎప్పుడూ ఉండేది. అన్నం తిన్నా తగ్గేది కాదు అది.

అతని జీవనం బాతులు. దాళ్వా వరి, అంటే రెండో పంట, కోతలు మొదలవగానే నాలుగొందల బాతుల్ని చిన్న లారీలో ఎక్కించుకుని మెరక చేలకి వస్తాడు. కోత మిషన్ ముందు పోతుంటే, వెనక కొయ్యకాళ్ళ మధ్య రాలిన గింజలూ, బురదలో నత్తలూ ఏరుకుంటూ బాతులు పోతాయి. రాత్రికి వల దడి కట్టి దొడ్డిలోకి తోలతాడు. తెల్లారేసరికి గడ్డిలో గుడ్లు పెట్టి ఉంటాయి. ఈ ఏడు పెంటపాడు పక్కన, బాపిరాజు గారని ఒక ఆసామి చేలల్లో దిగాడు. దిగిన మూడో రోజే గొంతు పట్టేసింది. గూడెం టౌనుకి వెళ్ళి చూపించుకుంటే డాక్టరు లైటు వేసి చూసి, పది రోజులు గొంతు ఎత్తొద్దన్నాడు. కేక పెడదామన్నా గాలి తప్ప ఏమీ రావడం లేదు.

శుక్రవారం సాయంత్రం నాగరత్నం ఫోన్ చేసింది.

"ఏవండీ, భోంచేశారా?"

"ఆఁ."

"అదేం గొంతండి. రంపం కోసినట్టుంది."

"పట్టేసింది. నువ్వు చెప్పు."

"ఎల్లుండి ఆదివారం బాప్తిస్మాలంటండి. ఈ వారంలో కాలువ కట్టేస్తారంట. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఉండవని పాస్టరు గారు చెప్పారు. నేనేం అడగట్లేదండి."

"అడగట్లేదని ఫోన్ చేసి మరీ చెబుతున్నావుగా."

"పెళ్ళయిన కాణ్ణించీ అడగట్లేదు. ఒక్కటే అనిపిస్తదండి నాకు. ఇక్కడంటే మీరు గుమ్మం దగ్గర కూర్చున్నారు, సరే. పైన అక్కడికెళ్ళాక కూడా గుమ్మం దగ్గరే కూర్చుంటారా? నేను లోపల కూర్చుని ముద్ద ఎలా మింగనండి?"

క్రీస్తుదాసు గొంతు సవరించుకున్నాడు. దానివల్ల ప్రయోజనం లేకపోయింది.

"పిలిస్తే పరిగెత్తుకొస్తాను రత్నం. పిలవకుండా పిలిచాడని పదిమందిలో ఎలా చెప్పను? ఆయన దగ్గర అబద్ధమా?"

"అబద్ధం చెప్పమన్నానా ఇప్పుడు?"

"ఛార్జింగ్ అయిపోతోంది," అన్నాడు అతను.

"మీకెప్పుడూ ఇక్కడికొచ్చేసరికే అయిపోతదండి ఛార్జింగ్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం గణపవరం వైపు నుంచి వెంకట్రాజు తన మందని తోలుకొచ్చి పక్క చేలో దింపాడు. వెంకట్రాజు కుర్రాడు, నోటి దురుసే గాని మనసులో ఏమీ ఉండదు. ఆ మధ్యాహ్నం ఎండకీ, మందు బిళ్ళకీ క్రీస్తుదాసు గడ్డికుప్ప నీడన ఒక్క కునుకు తీశాడు. మామూలుగా అయితే బాతు గట్టెక్కగానే ఒక్క కేకతో వెనక్కి తిప్పేవాడు. ఈసారి కళ్ళు తెరిచేసరికి తెగిన గట్టులోంచి మందంతా అవతల చేలోకి దూరిపోయి ఉంది. తెల్లవీ, గోధుమరంగువీ, అన్నీ ఒకటే ముద్ద.

"బాబాయ్, మీవాళ్ళూ మావాళ్ళూ వియ్యమందుకున్నారు. కట్నకానుకలు మాట్లాడుకుందామా?" అన్నాడు వెంకట్రాజు గట్టు మీద నిలబడి.

"గొంతు లేదురా అబ్బాయ్," అన్నాడు క్రీస్తుదాసు, దగ్గరికెళ్ళి గుసగుసగా.

వెంకట్రాజు నవ్వు ఆపేశాడు. బాతుల వాళ్ళకి అది చిన్న సంగతి కాదు. మందలు కలిసిపోతే ఒక్కొక్కదాన్నీ పట్టి విడదీయడం ఎవరి తరమూ కాదు, రెక్క మీద వేసిన రంగు నాలుగు రోజుల నీళ్ళకే పోతుంది. అందుకని వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ చేనుకి చెరో చివరా నిలబడి వంతులవారీగా మూడేసి సార్లు పిలవాలి. ఒకడు పిలిచేటప్పుడు రెండోవాడు మందకి కనబడకూడదు. ఎవరి పిలుపుకి పోయినవి వాళ్ళవి. తర్వాత తగువు లేదు.

"పోనీ నీ గొంతు వచ్చేదాకా ఆగుదామంటే రాత్రికి నాకు లారీ వస్తోంది బాబాయ్. ఉంగుటూరు పోవాలి."

"నీవి నువ్వు పిలుచుకో."

"నావాటి వెనకాల నీవి కూడా వచ్చేస్తేనో? మంద ఎటుపోతే అటు పోయే జాతి ఇది."

"వస్తే పద్ధతి ప్రకారం నీవే కదరా."

"నాకెందుకు బాబాయ్ నీ ఉసురు," అని గొణుక్కుంటూనే వెంకట్రాజు చేను చివరికి నడిచాడు.

క్రీస్తుదాసు గడ్డికుప్ప వెనక్కి వెళ్ళి చతికిలబడ్డాడు. గడ్డి సందులోంచి చేను మొత్తం కనబడుతోంది. వెంకట్రాజు నాలిక మడిచి ఈల కలిపి ఒక కేక పెట్టాడు. ముద్దగా ఉన్న మందలో కదలిక వచ్చింది. కొన్ని బాతులు మెడలు చాచి అటు నడక పట్టాయి. వాటిని చూసి ఇంకొన్ని. వాగుకి గండి పడ్డట్టు మంద అటు పారడం మొదలైంది. అందులో తన బాతులు కూడా ఉన్నాయి. కుంటి బాతు ఉంది, ముక్కు మీద మచ్చ ఉన్నది ఉంది. తన చేతి మీద పిల్లలప్పటినుంచి పెరిగినవి.

రెండో కేకకి వెంకట్రాజు గంపలోంచి వడ్లు కూడా చల్లాడు. అదీ పద్ధతిలోనిదే.

క్రీస్తుదాసుకి నోరు దానంతటదే తెరుచుకుంది. పొట్ట లోపలికి పోయి, మెడ నరాలు లేచి, ఉన్న ఊపిరంతా గొంతులోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అటు కాదే, ఇక్కడున్నాను, ఇదుగో ఇక్కడే, అని లోపల అరుస్తున్నాడు. అరిటాకు చిరిగినంత చప్పుడు కూడా బయటికి రావడం లేదు. ఇంత దగ్గర కూర్చుని, ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతూ, పిలవలేకపోవడం ఎలా ఉంటుందో అతనికి అంతకుముందు తెలియదు.

అప్పుడు కుంటి బాతు ఆగింది.

దాని వెనకవి దాన్ని ఢీకొని ఆగాయి. పారుతున్న మందలో చెల్లాచెదురుగా ఒకటీ ఒకటీ నిలబడిపోతున్నాయి. వెంకట్రాజు బాతులు వాటిని ఒరుసుకుంటూ ముందుకి పోయి వడ్ల మీద పడ్డాయి. మూడో కేక పడింది. చేను సగానికి చీలినట్టయింది. ఇటు మిగిలినవి కదల్లేదు. మెడలు నిటారుగా ఎత్తి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పుతూ నిలబడ్డాయి. వాటికి గింజలు కనబడుతున్నాయి. ఇందాకటిదాకా పక్కన మేసినవి వడ్లు తింటున్న చప్పుడు వినబడుతోంది. అయినా అవి రాని దాని కోసం వింటున్నాయి. చేనంతా ఎండలో అలా మెడలే.

క్రీస్తుదాసు గడ్డి పట్టుకుని ఉండిపోయాడు.

వాటికి తన కేక వినబడలేదు. వినబడలేదు కాబట్టి అవి తనవి కాకుండా పోయాయా? ఏ బాతన్నా, నన్ను పిలవలేదు గనక నేను క్రీస్తుదాసు దాన్ని కాను, అనుకుంటోందా అక్కడ? ఆ మెడలు ఎత్తడం చూస్తే ఎవడైనా చెబుతాడు, అవి ఎవరివో ఒకరివేనని. ఎవరివీ కానివాటికి అంత వెతుకులాట దేనికి? కొల్లేటి మీద పడవ ఆపి గాలిని విన్న మనిషి, తాడిచెట్టు కింద తలెత్తిన మనిషి, అన్నేళ్ళూ అచ్చం ఇలాగే నిలబడ్డాడు. కల్లు దుకాణం పిలిచింది, పోలేదు. చెరువుల కబ్జా గొడవల్లో కర్ర పట్టుకోమని పెద్ద పెద్దవాళ్ళు పిలిచారు, పోలేదు. ఎందుకు పోలేదో అతనికే తెలియదు. మెడ ఎత్తి వింటూ ఉండిపోయాడంతే.

మరి ఆయన? అన్నేళ్ళూ ఆయన ఏ గడ్డికుప్ప వెనక కూర్చున్నాడో. ఇంత దగ్గరగా, పేరుపేరునా గుర్తుపడుతూ. ఎందుకు పిలవలేదో క్రీస్తుదాసుకి తెలియదు, దేవుడికి గొంతు పట్టేయదు కదా. కాని ఆ కూర్చోవడంలో బాధ ఉంటుందని మాత్రం అతను ఎప్పుడూ అనుకోలేదు. తనొక్కడే ఎదురు చూస్తున్నాననుకున్నాడు.

మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, కుప్ప చాటు నుంచి ఇవతలికి వచ్చాడు. చెయ్యి కూడా ఊపలేదు. ముందు కుంటిది చూసింది. తర్వాత బురద చిమ్ముకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ, రెక్కలు కొట్టుకుంటూ అన్నీ వచ్చి కాళ్ళ చుట్టూ చేరి, కసురుతున్నట్టు గోల పెట్టాయి. అతను వాటి మధ్య కూర్చుండిపోయాడు.

వెంకట్రాజు వచ్చి చూశాడు. "ఏం మందు పెట్టావు బాబాయ్ వీటికి? వడ్లు చల్లినా రాలేదు. మా ఆవిడ కూడా నాకింత మర్యాద ఇవ్వదు." తర్వాత ముసలాయన మొహం చూసి గొంతు తగ్గించాడు. "దక్కాయిగా. మరి ఏడుపెందుకు?"

"పాపం రా," అన్నాడు క్రీస్తుదాసు గుసగుసగా. "ఎంతసేపు నిలబడ్డాయో చూశావా."

తెల్లారి దొడ్డిలో నీళ్ళూ నూకలూ పోసి, బాపిరాజు గారికి ఒక మాట చెప్పి, మొదటి బస్సుకి ఏలూరు, అక్కణ్ణించి ఆటోలో ఊరు చేరాడు. అప్పటికే జనం కాలువ గట్టు మీద ఉన్నారు. నీళ్ళు తగ్గి నడుం లోతే ఉన్నాయి. పాస్టరు ఆనంద్ పాల్ గారు తెల్లచొక్కాతో నీళ్ళలో నిలబడ్డారు. కుర్రవాళ్ళ వరస వెనకాల, బురద మరకల పంచెతో వచ్చి నిలబడ్డ మనిషిని చూసి నాగరత్నం పాట మధ్యలో ఆపేసింది.

అతని వంతు వచ్చి నీళ్ళలోకి దిగాడు. అందరినీ అడిగినట్టే పాస్టరు గారు అడిగారు.

"దాసు గారూ, ప్రభువు పిలుపు విన్నారాండి?"

"వినలేదండి," అన్నాడు క్రీస్తుదాసు.

గట్టు మీద గుసగుసలు లేచాయి. ప్రసన్నకుమారి, "ఈయనకిదేం చాదస్తమండీ," అంది.

"గాలి వల్ల సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పండి," అన్నారు పాస్టరు గారు.

"ఇప్పటిదాకా వినలేదండి అయ్యగారండి. మీ ముందు అబద్ధం ఎందుకండి." అతను మాట కోసం గొంతు పట్టుకున్నాడు. "కాని ఇంకొకరి పిలుపుకి పోలేదండి. పోబుద్ధి కాలేదండి. మరి నేను ఎవరివాణ్ణో మీరే చెప్పండి."

కాలువలో గుర్రపుడెక్క మొక్క ఒకటి తేలుతూ వచ్చి ఇద్దరి మధ్య నుంచి పోయింది. తర్వాత పాస్టరు గారు ఒక చెయ్యి అతని వీపు కిందా, ఒక చెయ్యి గుండె మీదా పెట్టారు.

నీళ్ళు చెవుల మీద మూసుకున్నాయి. కింద ఆ ఒక్క క్షణంలోనూ క్రీస్తుదాసు విన్నాడు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. పైకి లేచాక ఎండ, పాట, జనం.

గట్టెక్కుతుంటే నాగరత్నం తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చింది. అతని తల తుడవడం మొదలుపెట్టింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు, గట్టిగా. చివరికి అంది, "ఏమన్నా అనిపించిందాండి?"

"అలాగే ఉంది రత్నం. ఆకలి తగ్గలేదు."

"తగ్గుతుందిలెండి."

"తగ్గకపోయినా పర్వాలేదు," అన్నాడు అతను.

ఆమె తువ్వాలు పిండుతూ, "ఇంటికి రండి, కూర వండాను, భోంచేసి నిదానంగా వెళ్దురుగాని," అంది.

క్రీస్తుదాసు అప్పటికే రోడ్డుకేసి, ఆటో వచ్చే వైపు చూస్తున్నాడు.

"డబ్బాలో పెట్టి ఇచ్చెయ్యి. పొద్దుపోకముందే చేరాలి. చూస్తా ఉంటాయి అవి."