కోకో ఉండలూ పదమూడో ఎక్కమూ

మా అమ్మ సరోజనను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమెకు పిల్లల మీద ఎంత నమ్మకమంటే, తీపి వస్తువు ఏది చేసినా మాచేత ఎక్కాలు చెప్పించేది. చేతులు ఉండలు చుట్టాలి, నోరు ఎక్కం అప్పజెప్పాలి. గొంతు ఆగిందంటే ఉండ నోట్లోకి పోయిందన్నమాట. ఈ ఉపాయాన్ని మా క్వార్టర్ల వరుసలో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ హోలీ దాకా నేనూ మెచ్చుకున్నాను.

బెల్లంపల్లి బొగ్గుబాయి ఆఫీసులో మా బాపు, అంటే నాన్న, గుమాస్తా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు ఆయన హైదరాబాదు నుంచి ఒక కోకో డబ్బా తెచ్చాడు. హోలీకి అందరూ పిల్లల మెడలో చక్కెర బిళ్ళల పేర్లు, ఎండుకొబ్బరి కుడుకల పేర్లు దండల్లా వేస్తే, అవ్వకు అవి నామోషీ అనిపించాయి. కుడుకలు తురిమి, పాకంలో కలిపి ఉండలు చుట్టించి, డాల్డాలో కరిగించిన కోకోలో ముంచి, మేనేజరు బంగళాకు పళ్ళెం పంపాలని ఆమె ఎత్తు. ఆ పళ్ళెం నిండేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు.

పనికి ముగ్గురం కూర్చున్నాం. నేను, అన్న లింగమూర్తి, మా ఇంట్లో గిన్నెలు తోమే ఐలవ్వ బిడ్డ నర్మద. నర్మదది నా ఈడే, తొమ్మిదేళ్ళు. దానిచేత మాత్రం అవ్వ రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించింది. అది బడి మొహం చూడలేదు. బాపుచేత బడిసారుకు ఒక మాట చెప్పించి బిడ్డను బళ్ళో వేయించమని ఐలవ్వ ఎన్నాళ్ళుగానో కాళ్ళావేళ్ళా పడుతోంది. పండుగ పని బుద్ధిగా చేస్తే జూన్‌లో చేర్పిస్తానని అవ్వ ఈసారి మాటిచ్చింది.

అది విన్న రోజు నుంచి నర్మద నన్ను వదల్లేదు. పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి దానికి రెండో ఎక్కం నేర్పాను. దానికి వచ్చింది అదొక్కటే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండో ఎక్కంతోనే మొదలుపెట్టాం. నర్మద గొంతు మా ఇద్దరి గొంతుల కంటే పైన వినిపించింది. కోకోలో ముంచి తీసిన ఉండలను తడిగోనె మీది పళ్ళెంలో ఆరబెడుతుంటే అన్న నవ్వాడు.

"గివి బాయిల నుంచి తవ్వి తెచ్చినట్టున్నయవ్వా."

అవ్వ వచ్చి పళ్ళెం చూసింది. "నర్మద చేసినయి చూడుండ్రి, గోలీల లెక్క ఎంత గుండ్రంగున్నయో. అనసూర్యా, నీవి పిడకల లెక్కున్నయి."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"పదమూడోది చెప్పుదమవ్వా," అన్నాను. నర్మదకు రాదని తెలిసే అన్నాను. ఇప్పుడు దాచి ఏం లాభం?

పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. నర్మద నా పెదాలు చూస్తూ వెనకవెనకే లాక్కొచ్చింది. నేను వేగం పెంచాను. ముప్పై తొమ్మిది దగ్గర దాని గొంతు ఆగిపోయింది.

పొయ్యి దగ్గర నుంచి అవ్వ తల తిప్పింది. "ఏందే నర్మదా, దొంగకు తేలు కుట్టినట్టు గమ్మునున్నవ్?"

నర్మద నా వంక చూసింది. ఎక్కం రాదంటే బడి పోతుందని దాని భయం. అది చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"నోరు తెరువు."

తెరిచింది. లోపల ఏమీ లేదు.

"మింగింది," అంది అవ్వ. "బంగళాకు పోయే పళ్ళెం ఎంగిలి చేసినవ్ గదనే."

"తినలేదమ్మా."

"తినకుంటె నోరెందుకు ఆగింది?"

అవ్వ చెంబెడు నీళ్ళలో పిడికెడు ఉప్పు వేసి కలిపింది. కేకలు విని ఐలవ్వ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బిడ్డను వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆమె దాని జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచింది.

"తాగవే. బడి బడి అని నా పానం తిన్నవు, తీరా గిట్ల జేస్తివి. తాగి కక్కు."

రెండో గుక్కకే వాంతి అయింది. అవ్వ వంగి చూసింది. మేమూ చూశాం. పొద్దున తాగిన జొన్నగట్క తప్ప అందులో ఏమీ లేదు. నల్లచుక్క ఒక్కటి కూడా లేదు.

"మరెందుకు ఆగినవే?" అవ్వ గొంతు కొంచెం తగ్గింది.

"పదమూడోది నాకు రాదమ్మా." నర్మద ముక్కు తుడుచుకుంది. "రెండోదే వస్తది."

అవ్వ తెల్లబోయింది. ఆ తర్వాత నవ్వేసింది. తప్పు ఒప్పుకోవడం కంటే నవ్వడం ఆమెకు ఎప్పుడూ తేలికే.

"ఎక్కాలు రానిదానివి బడికి పోయి ఏం జేస్తవే? ముందు జర ఇంట్ల నేర్చుకో. వచ్చే యాడాది చూద్దం."

"అట్లనే అమ్మా," అంది ఐలవ్వ. అప్పటికే ఆమె నేల తుడుస్తోంది.

నేనే నేర్పుతానన్న మాటైనా అనవలసింది. నా ఉండలు పిడకల్లా ఉన్నాయన్న కోపం ఇంకా చల్లారలేదు, అనలేదు.

అవ్వ కోకో గిన్నె తెచ్చి నర్మద ముందు పెట్టింది. అడుగున ఇంకా కాస్త కోకో అంటుకుని ఉంది.

"తోముకుంట నీకొచ్చిన ఎక్కమే చెప్పు, నాకు ఇనవడాలె."

పెరట్లో బూడిద రాస్తున్న చప్పుడు, దాని మీద నర్మద గొంతు. రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు. రెండు పదుల ఇరవై దగ్గరికి వచ్చి ఆగేది. లోపలి నుంచి అవ్వ "ఊఁ?" అనేది. నర్మద మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది.