తోడికోడలి బండి

పిండి ముద్దను అరచేతులతో సాగదీసి, సగానికి కోసి పొయ్యిగా మార్చిన ఇనుప పీపా లోపలి గోడకు చరిచింది గుల్‌బీబీ. రాత్రి వానకు తడిసిన కట్టెలు పొగ చిమ్ముతున్నాయి. ఆమె ముంజేతుల నిండా కాలిన మచ్చలు. సరిహద్దు పట్టణం బిహాచ్ చివర, పైకప్పు ఊడిపోయిన ఆ పెంకుల ఫ్యాక్టరీలో ఆగిపోయిన అఫ్ఘన్లందరికీ పొద్దుటి రొట్టె ఆమె చేతిదే. ఎదురుగా కొండ. కొండకు అవతల క్రొయేషియా. దొంగదారిన దాటబోవడాన్ని అక్కడందరూ 'గేమ్' అంటారు.

అన్నదమ్ములిద్దరూ ఒకే గేమ్‌కు వెళ్ళారు. తమ్ముడు ఇద్రీస్ దాటేసి జర్మనీ చేరాడు. గుల్‌బీబీ భర్త రహ్మత్ రాళ్ళ మీద పడి మోకాలు విరగ్గొట్టుకుని వెనక్కి వచ్చాడు. తర్వాత అతన్ని నడిపించుకుంటూ, మేజోళ్ళు మడమల దగ్గర చిరిగిపోయేలా ఆమె ఎన్నిసార్లు కొండెక్కినా కింద గస్తీవాళ్ళే ఎదురయ్యారు. ఇప్పుడు ఇద్రీస్ భార్య జర్మీనాను మొగుడి దగ్గరికి చేర్చడానికి జర్మనీ సర్కారు వాళ్ళే కాగితాలిచ్చి, బండి పంపి పిలిపించుకుంటున్నారు. బండి రేపు.

జర్మీనా ఫోన్ పెట్టేసి నవ్వింది. "అక్కా, నీ రొట్టెల వాసన హాంబర్గ్ దాకా వస్తోందట. మీ మరిది అంటున్నాడు."

"వాసన అతనికీ, పొగ నాకూనా?"

"ఎందుకలా చురుక్కుమంటావు?"

"అనక? నీ మొగుడు మెత్తటి పరుపు మీద దొర్లుతున్నాడు. నా మొగుడు కర్ర పట్టుకుని కుంటుతున్నాడు."

"కుంటినా పక్కనున్నాడుగా! నేను ఫోన్‌తో కాపురం చేస్తున్నా."

ఏడవడం కూడా తనకే చెల్లినట్టు మాట్లాడుతుంది, అనుకుంది గుల్‌బీబీ.

ఫోన్ ఆమె దగ్గర పెట్టి జర్మీనా స్నానాల వరుసలో నిలబడటానికి వెళ్ళింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"వదినా, నువ్వా! జర్మీనాకి చెప్పు. బండి రేపు కాదట, ఇవాళ మధ్యాహ్నమే. గేటు దగ్గర సిద్ధంగా ఉండాలి. ఇది తప్పితే మళ్ళీ ఎన్ని నెలలో!"

"చెప్తాలే."

"అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు."

ఫోన్‌ను పిండి సంచీ కిందికి తోసింది. కర్ర ఆనించుకుని రహ్మత్ వచ్చాడు.

"ఎవరే ఫోను?"

"రాంగ్ నంబరు."

తోడికోడలికి కీడు జరగాలని ఆమె కోరుకోలేదు. ఒక్కసారి దానికీ తప్పిపోనీ, తిరిగి రావడం ఎలా ఉంటుందో దానికీ తెలియనీ, అంతే. అలా అనుకుంటూ రొట్టెల మీద రొట్టెలు చరిచింది. రెండు మాడిపోయాయి.

జర్మీనా తడి జుట్టుతో వచ్చి, అడగకుండానే తట్ట ముందు కూర్చుని మధ్యాహ్నానికి పిండి కలపసాగింది. కబుర్లాడుతూనే ఉంది. గుల్‌బీబీ ఊఁ కొడుతూనే ఉంది.

గేటు దగ్గర హారన్ మోగింది. తెల్ల వ్యాను. డ్రైవరు దిగి ఎవరిదో పేరు వంకరగా పిలుస్తున్నాడు.

"ఎవరికో అదృష్టం పండింది" అంది జర్మీనా, తలెత్తకుండా.

గుల్‌బీబీ మంటలోకి చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ హారన్. డ్రైవరు బండి తలుపు మీద చెయ్యి వేశాడు. ఈ పిల్ల ఇక్కడే ఉంటే ఆ ఫోను రోజూ మోగుతుంది, రోజూ ఆ నవ్వు వినాలి. వెళ్ళిపోయినా ఓర్వలేను, ఉండిపోయినా ఓర్వలేను.

"నీకే."

"ఏంటక్కా?"

"ఆ బండి నీకే! పొద్దున ఇద్రీస్ ఫోన్ చేసి చెప్పాడు. చూస్తావేం, పరుగెత్తు!"

జర్మీనా పిండి చేతులతోనే లేచింది. "ఆగండి!" అని గేటు వైపు అరిచి, లోపలి నుంచి సంచీ తెచ్చుకుంది. ఫోన్ కోసం వెతికింది. పిండి సంచీ అంచున మెరుస్తున్న కొస చూసి, వంగి బయటికి లాగింది. దాన్నీ, గుల్‌బీబీనీ మార్చి మార్చి చూసింది.

"బావగారికి వెళ్ళొస్తానని చెప్పు" అంది. అంతే.

వ్యాను కొండ వైపు పోలేదు. పెద్ద తారు రోడ్డు మీద, పట్టపగలు, తొందర లేకుండా వెళ్ళిపోయింది.

కిటికీ ఊచకు జర్మీనా ఉతికి ఆరేసిన ఊలు మేజోళ్ళ జత వేలాడుతోంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మడమల దగ్గర ఒక్క చిరుగు కూడా లేదు.