సారెలో వచ్చిన మాత్రలు

నేను ఒక అయోడిన్ మాత్రల పట్టీని. అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి గాలిలో విషం కలిస్తే, అది మనిషి గొంతులోని గ్రంథిలో చేరకముందే నన్ను మింగాలి. అంతవరకు నాకు పనిలేదు. ఎదురుచూడడానికే పుట్టాను కాబట్టి నాకు సంతోషమూ లేదు, బెంగా లేదు.

కేంద్రం పక్క ఊళ్లో ఇంటింటికీ పంచినప్పుడు హేమసుందరి వాళ్లింటికి చేరాను. ఆమె పెళ్లయ్యాక వాళ్లమ్మ నన్ను సారెలో, చలిమిడి పక్కన సర్దింది. అత్తవారి ఊరు వాగు అవతల. మాత్రలు ఎంతవరకు పంచాలో అధికారులు గీసిన గీత వాగు దగ్గరే ఆగిపోయింది కనుక అక్కడెవరికీ మాత్రలు లేవు.

"ఓలమ్మా, సారెలో మందులు కూడా ఎట్టినారేటే?" అంది అత్తగారు నరసయ్యమ్మ.

"ప్లాంటులో ఏటైనా అయితే ఏసుకోడానికి అత్తా."

"మరి వీధోలు ఏటైపోవాల?"

సారె వీధంతా పంచడం ఆనవాయితీ. ఆవిడ కత్తెరతో నన్ను ముక్కలు చేసి, ఇంటికో చలిమిడి ఉండ, దాంతో ఓ మాత్ర పంచేసింది. నా వీపున అచ్చువేసిన గడువు తేదీ కూడా ముక్కలైపోయింది. ఇంట్లో మిగిలిన ఒక్క మాత్రను హేమసుందరి గాజుల పెట్టెలో దాచింది. ఆమె గాజులు మార్చినప్పుడల్లా భర్త జోగినాయుడు తొంగిచూసి, "ఇదేటి, నీ బంగారమేటి?" అనేవాడు. అంతమాత్రానికే ఇద్దరూ పడీపడీ నవ్వేవారు.

ఒక ఉదయం సైరన్ మోగింది. తలుపులు, కిటికీలు మూసుకోమని, చెప్పినప్పుడే మాత్ర మింగమని వాగు దాటి మైకు గొంతు వినిపించింది. ఇంట్లో మనుషులు ముగ్గురు, మాత్ర ఒక్కటి.

"నువ్వేసుకో, నిన్నగాక మొన్న వచ్చినావు" అంటూ అత్త కోడలి చేతిలో పెట్టింది. కోడలు భర్త చేతిలో, అతను తల్లి చేతిలో. చెమట పట్టిన అరచేతుల్లో తిరుగుతూనే ఉన్నాను. ఎవరూ రేకు చింపలేదు. చివరికి, ఇది కసరత్తు మాత్రమేనని మైకు చెప్పింది. జోగినాయుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మర్నాడు హేమసుందరి వీధిలోని ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అందరూ తమ ముక్కలు బల్ల మీద పెట్టారు. నా ఒళ్లంతా మళ్లీ ఒకచోట చేరింది. డాక్టరు ముక్కల అంచులు కలిపి తేదీ చదివాడు.

"వీటి గడువు ఎప్పుడో అయిపోయిందమ్మా. కొత్తవి ఇద్దామంటే మీ ఊరు గీత అవతల ఉంది."

నన్ను తీసి చెత్తబుట్టలో వేశాడు.

"గాలొచ్చినప్పుడు మీరు దాన్ని ఆ గీత కాడ ఆపీగలరేటి బాబూ?" అంది హేమసుందరి.

అతను తలుపు వైపు చెయ్యి చూపించాడు. బుట్టలోంచి నాకు వాళ్ల కాళ్లే కనిపిస్తున్నాయి. ఒక్క జతా కదలలేదు.