నీలం డ్రమ్ములకు కన్నాలు

ఇలా రావే తల్లీ, నా పక్కకు జరుగు. ఈ మోకాలు కాస్త నొక్కుతూ విను. మీ చిన్నతాతయ్య సంగతి చెప్తాను.

వాడు నాకు మరిది. నేను కాపురానికి వచ్చేసరికి నిక్కర్లేసుకునేవాడు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. పెద్దయ్యాక మందుల ఫ్యాక్టరీలో చేరాడు. క్రిముల్ని చంపే మందుపొడి ఉన్న నీలం డ్రమ్ములను గొట్టం పెట్టి కడగడం, ఆ నీళ్ళు వెనక కాలవలోకి వదలడం, అదీ పని. వాళ్ళు వద్దన్న డ్రమ్ములు ఇంటికి తెచ్చేవాడు. వాటిలోనే నీళ్ళు పట్టుకునేవాళ్ళం. మా అత్తకయితే మురిపెమే మురిపెం.

"అడుగున ఈ తెలుపేంటయ్యా?" అని అడిగాను ఒకసారి.

"మందే కదా వదినా, మంచిదేలే! రోజూ మందులో మునిగేవాణ్ణి, నా దగ్గరికి రావాలంటే రోగమే భయపడాలి" అని నవ్వాడు.

ఒకనాడు కాలవ గట్టున డ్రమ్ము మూతకుండే ఇనుప పట్టీ వాడి అరచేతిని కోసింది. చిన్న గాటే. ఆ కాలవ నీళ్ళతోనే కడుక్కుని, గుడ్డ చుట్టుకుని వచ్చాడు. తెల్లారేసరికి చెయ్యి పొంగింది. ఆసుపత్రిలో ఒక మందు ఇచ్చారు, ఇంకోటి మార్చారు. చెయ్యి నల్లబడి, ఆ నలుపు మోచేయి దాకా పాకింది.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "ఆ కాలవలో క్రిములు రోజూ కాస్త కాస్త మందు తాగుతున్నాయమ్మా. చచ్చేవి చచ్చాయి, మొండివి మిగిలాయి. మా దగ్గరున్న ఏ మందుకీ లొంగట్లేదు" అంది.

చెయ్యి తీసేశారు. అయినా ప్రాణం నిలవలేదు. డాక్టరమ్మ మాట వాడికీ తెలిసింది. పోయేముందు నా కొంగు పట్టుకుని, "వదినా, ఆ డ్రమ్ములు ఎవరికీ ఇవ్వకు. కడగనూ వద్దు. కడిగితే మళ్ళీ కాలవకే" అన్నాడు.

ఇంట్లో ఏడుపులు ఆరకముందే పక్కింటావిడ వచ్చింది. "మీకిక ఎందుకులే పిన్నీ, ఒకటి నాకివ్వండి, నీళ్ళకి" అంది.

మా అత్త పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఇనుపచువ్వ ఎర్రగా కాల్చి తెచ్చి, ప్రతి డ్రమ్ముకూ అడుగున కన్నాలు పెట్టింది.

"అయ్యో, బంగారంలాంటివి!"

"బంగారు కత్తని మెడ కోసుకుంటామా?" అంది అత్త.

వాటిని తోపుడుబండి మీద ఫ్యాక్టరీ గేటుకు తీసుకెళ్ళాం.

"కన్నాల డ్రమ్ములు మాకెందుకు?" అన్నాడు వాచ్‌మన్.

"మీ చెత్త కాల్చే పొయ్యిలోనే కాల్చండి. మిగతావి కడిగిన నీళ్ళు కాలవలోకి వదలొద్దు. నా కొడుకును మింగింది చాలు."

అతను తల వంచుకుని, డ్రమ్ములు లోపలికి దొర్లించుకుని గేటు మూశాడు. లోపల గొట్టం నీళ్ళ చప్పుడు ఆగలేదు.

నేను ఎన్నాళ్ళుంటానో తల్లీ. ఎవరైనా నీళ్ళకని అలాంటి డ్రమ్ము తెస్తే వాడి కథ చెప్పు. నీ పిల్లలకూ చెప్పు. మరిచిపోకేం.