చర్చి వైపు కొంచెం

పొద్దువాలేసరికి లూర్దమ్మ డాబా ఎక్కాలి. మిరప చేలో కూలిపని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి మీద అన్నం పడేసి, పైకెళ్ళి యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడాలి. కింద గదిలో భర్త ప్రేమదాసు టీవీ ముందు కూర్చుని అరుస్తాడు.

"చర్చి వైపు కొంచెం... ఇంకొంచెం... ఆఁ, కదపకు!"

పెనుగంచిప్రోలంతా డిష్‌లు పెట్టుకుంది. యాంటెన్నాలకి బొమ్మలు పంపే టవరు ఎప్పుడో మూతపడింది. అయినా లూర్దమ్మ చెయ్యి తగిలితే ఆ అల్యూమినియం పుల్లలకి బొమ్మ వచ్చేది. ఎటు తిప్పితే అటున్న ఊరు. నందిగామ వైపు తిప్పితే బస్టాండు, జగ్గయ్యపేట వైపు తిప్పితే సిమెంటు ఫ్యాక్టరీలు, పత్తి లారీలు. మసకేస్తే ప్రేమదాసు బూస్టరు పెట్టెకి రెండు దెబ్బలు వేసేవాడు. వీధిలోవాళ్ళు వచ్చి, "లూర్దమ్మక్కా, మైలవరం వైపు తిప్పవా, మా చెల్లికి కాన్పయిందో లేదో చూస్తాం" అని అడిగి, చూసుకుని, టీ తాగి వెళ్ళేవాళ్ళు.

చూడనిది లూర్దమ్మ ఒక్కతే. ఆమె చెయ్యి తీస్తే బొమ్మ పోతుంది మరి. ప్రేమదాసుని పట్టుకోమందామంటే, డాబా ఎక్కితే ఆయనకి కళ్ళు తిరుగుతాయి.

మొదట్లో కుడి, ఎడమ అనే చెప్పుకునేవాళ్ళు. టీవీ ముందు కూర్చున్నవాడి కుడి, గొట్టానికి అవతల నిలబడ్డదాని ఎడమ. దాని మీద బోలెడు పోట్లాటలయ్యాయి, ఒకసారి ఇద్దరూ అన్నాలు కూడా మానేశారు. చివరికి చర్చి వైపు, ఏటి వైపు అని ఖాయం చేసుకున్నారు.

ఆ ఏడు ముసురు వదలకుండా పట్టింది. కౌలుకి చేస్తున్న చేలో మోటారు విప్పి తెచ్చుకుంటానని ప్రేమదాసు ఏటి పక్కకి వెళ్ళాడు. వద్దంటే వినలేదు. "నీళ్ళు డొంక దారి ఎక్కేలోపు వచ్చేస్తా" అన్నాడు.

లూర్దమ్మకి మనసాగలేదు. వానలోనే పైకెక్కి యాంటెన్నాని మున్నేరు దిగొచ్చే ఖమ్మం వైపు తిప్పింది. కింద కోడలు మెర్లిన్ టీవీ పెట్టింది.

"అత్తయ్యా! మున్నేరుకి ఒడ్డే లేదు. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి!"

లూర్దమ్మ గబగబా చేను వైపు తిప్పింది.

"మావయ్య కనబడ్డాడు! డొంక మీద ఉన్నాడు, నడుముదాకా నీళ్ళు. అటూ ఇటూ మట్టి తవ్విన గోతులత్తయ్యా, ఆయనకి దారి తెలీట్లేదు."

పైనుంచి చూసే ఆ బొమ్మలో డొంక చాయ వేరుగా తెలుస్తోంది. నీళ్ళలో ఉన్న మనిషికి అంతా ఒకటే ఎరుపు.

"ఎడమకి రమ్మనండి!"

"ఎవరి ఎడమే? చర్చి వైపా, ఏటి వైపా?"

"చర్చి! చర్చి వైపు!"

లూర్దమ్మ ఊపిరంతా కూడదీసుకుంది. వానలో ఆమెకి చేను కనబడనే లేదు. కానీ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ డాబా మీద అరిచి అరిచి సాగిన గొంతు అది.

"ఏవయ్యా! చర్చి వైపు కొంచెం!"

"కదిలాడు!" అంది మెర్లిన్. "ఇంకొంచెం... ఇప్పుడు ఏటి వైపు... ఆఁ, తిన్నగా!"

కోడలి ప్రతి మాటా అత్త నోట చేను దాకా వెళ్ళింది. ఆయన కదిలినకొద్దీ లూర్దమ్మ గొట్టం తిప్పుతూనే ఉంది. కరెంటు పోతూ వస్తూ ఉంది. వీధంతా వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

ప్రేమదాసు వణుక్కుంటూ ఇంటికొచ్చాడు. చేతిలో మోటారు లేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ డాబా ఎక్కాడు.

"నేను పట్టుకుంటా. నువ్వెళ్ళి కూర్చో."

"నువ్వు పట్టుకుంటే రాదయ్యా."

"కూర్చోమన్నానా!"

లూర్దమ్మ తడిచీరతోనే టీవీ ముందు కూర్చుంది. అన్నీ చుక్కలే.

"వచ్చిందా?" పైనుంచి అరిచాడు ప్రేమదాసు.

"లేదు. చర్చి వైపు కొంచెం."

చుక్కలు విడిపోయాయి. డొంక లేదు, మోటారు షెడ్డు లేదు, తుమ్మచెట్లు లేవు. ఆకాశం అంచు దాకా మున్నేరే. ఇందులోంచా ఈయన నడిచొచ్చింది! లూర్దమ్మ చేతులు జోడించింది.

"వచ్చిందా?"

"వచ్చింది," అంది లూర్దమ్మ ఏడుస్తూ. "కదపకు. కాసేపు అలాగే పట్టుకో."