గోలీ తర్వాత చాయ్

అమూల్యకు ఎనిమిదో నెల. రక్తం ఏడు గ్రాముల దగ్గరే ఆగిపోయింది. నాచారంలోని వాళ్లింట్లో హరిత ఖాళీ గోలీల షీట్లు తిప్పి చూసింది. ఒక్క గోలీ కూడా మిగల్లేదు.

హరిత ఉప్పల్‌లోని ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోలీలు రక్తంలోకి ఎంత చేరుతున్నాయి, పుట్టే బిడ్డకు ఎంత అందుతోంది అన్నది ఆమె చూస్తున్న విషయం. ఆ అధ్యయనంలో నాలుగు వందల మంది గర్భిణుల పేర్లున్నాయి. రక్తం పెరగకపోతే చాలా ఇళ్లలో కారణం ఒకటే: గోలీ మింగరు. ఈ ఇంట్లో అది కాదు.

అమూల్య భర్త సన్నీ గుమ్మం బయట ఆటో తుడుస్తున్నాడు.

"వచ్చినప్పుడల్లా రక్తం తీస్కపోతరు. మళ్ల మీరే తక్కువుందంటరు. గిదేం లెక్క మేడం?"

అమూల్య నవ్వింది. నవ్వాక ఆయాసంతో గోడకు ఆనుకుంది.

"నువ్వు ఊకోరా," అంది అత్త శాంతాబాయి. "నా చేత్తోనే ఏస్తున్న మేడం. అన్నం తిన్నంక. పిల్ల మర్సిపోతదని షీట్లు నా దగ్గర్నే పెట్టుకున్న."

"చాయ్‌తో ఇవ్వట్లేదు కదా అమ్మా?"

"మీరే వద్దన్నరు గద! నీళ్లతోనే ఏస్త. నోరంత ఇనుము వాసనొస్తదంటది. అందుకే మింగంగనే చాయ్ ఇస్త. అల్లం గిట్ల దంచేసి."

హరిత పెన్ను కింద పెట్టింది. గోలీకి ముందూ తర్వాతా రెండు గంటలు చాయ్ తాగకూడదనీ, తాగితే ఇనుము ఒంటికి పట్టదనీ చెప్పింది.

శాంతాబాయి కోడలి వైపు చూసింది. "చాయ్‌తోని ఏస్కోవద్దనే చెప్పిన్రు గద," అంది.

అవును, హరిత వాళ్లు అంతే చెప్పారు. గోలీ తర్వాత సంగతి చెప్పలేదు.

ఇక గోలీలతో అయ్యే పని కాదు. దవాఖానాలో సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించాలి. రేపే తీసుకెళ్లమంది హరిత.

"రేపు అమాస మేడం. కడుపుతో ఉన్న పిల్లను అమాస నాడు దవాఖానల పండబెట్టుడేంది? ఎల్లుండి పొద్దుగాల్నే పోతం."

కాన్పుకు ఇంకా నెల ఉంది. ఒక్క రోజే కదా అనుకుంది హరిత. సరేనంది.

అమావాస్య సాయంత్రం అమూల్యకు నొప్పులు మొదలయ్యాయి.

హరిత దవాఖానాకు చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు లేదు. తల్లికి రక్తస్రావం ఆగలేదు. సన్నీ మెట్ల కింద నిలబడి ఫోన్లు చేస్తున్నాడు.

"రక్తం యాడన్న దొరుకుతదా మేడం?"

హరిత తనకు తెలిసిన బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్ చేసింది. అమూల్య గ్రూపు రక్తం లేదన్నారు. తెలిసినవాళ్లకు చేసింది. మల్కాజిగిరి నుంచి ఒకతను బయల్దేరానన్నాడు. తర్వాత ఆమెకు చేసేందుకు ఏమీ లేదు. బెంచీ మీద శాంతాబాయి పక్కన కూర్చుంది.

"మీరన్నట్టు పొద్దుగాల్నే తీస్కొస్తే అయిపోతుండె," అంది శాంతాబాయి.

"ఒక్క రోజులో రక్తం పెరగదమ్మా."

శాంతాబాయి తల అడ్డంగా ఊపింది.

రక్తం అందింది. అమూల్య బతికింది. బిడ్డను కొన్నాళ్లు వెచ్చటి అద్దాల పెట్టెలో ఉంచి, తర్వాత ఇంటికి పంపారు. హరిత చూడబోయినప్పుడు అమూల్య లోపలి గదిలో పడుకుని ఉంది. బిడ్డ పక్కనే నిద్రపోతోంది.

"ఒక మాట చెప్పు మేడం," అంది శాంతాబాయి. "గిదంత నా చాయ్ వల్లనేనా?"

"నాలుగు వందల మంది లెక్క కలిపి అడిగితే చెప్పగలనమ్మా. ఒక్కరి సంగతి చెప్పలేను. వేరే కారణాలూ ఉంటాయి."

"గంత సదివి గిదొక్కటి చెప్పవా?"

శాంతాబాయి గూట్లోంచి గోలీల షీటు తీసుకొచ్చింది. డాక్టర్ మళ్లీ అవే రాశాడు. అందులో ఒక్క గోలీ కూడా తియ్యలేదు. దాన్ని హరిత చేతిలో పెట్టింది.

"నా చేత్తోని ఇయ్య. రోజూ నువ్వే వచ్చి ఎయ్యి."

"రోజూ ఎలా రాగలనమ్మా? చెంగిచెర్ల దాకా ఇళ్లన్నీ తిరగాలి. మీరే ఇవ్వాలి. రెండు గంటలు చూసుకుంటే చాలు."

"అప్పుడు గూడ మీరు చెప్పినట్టే చేసిన."

లోపలి నుంచి అమూల్య పిలిచింది.

"అత్తమ్మా, నోరు బాగలేదు. జర చాయ్ పెట్టవా?"

శాంతాబాయి పొయ్యి దగ్గరకు వెళ్లలేదు, పెట్టాలా వద్దా అన్నట్టు హరిత వైపు చూసింది. హరిత షీటు పట్టుకుని నిలబడింది.