డప్పు నోటీసు

నేను అమీర్‌పేటలో ఇంటి పన్ను బిల్ కలెక్టర్‌ని. పేరు జీవమణి. నా పాలిట శని పేరు కేదార్. ఐటీ ఊపులో నాలుగంతస్తులు లేపి కంప్యూటర్ కోచింగ్ నడుపుతున్నాడు, మూడేళ్ళుగా పన్ను మాత్రం కట్టడు. గోడకు నోటీసు అంటిస్తే దాని మీద జావా కోర్సు పోస్టరు అంటించాడు. ఈ సాయంత్రంతో మార్చి అయిపోతుంది. ఆ బాకీ రాకపోతే నా ఇంక్రిమెంటు ఆపేస్తానని పంజాగుట్ట ఆఫీసులో మా సారు తేల్చేశాడు. ఆ ఇంక్రిమెంటు మీద ఆశతోనే మా అమ్మాయి ఒలీవియాను కాలేజీలో చేర్చాను. అందుకే పరువుకైనా జడుస్తాడని డప్పుల ఓదెలును వెంటబెట్టుకెళ్ళాను.

"గట్టిగా వాయించు ఓదెలన్నా. సిగ్గు రావాలి."

"ఫికర్ చెయ్యకు మేడమ్. ఎస్.ఆర్. నగర్ దాకా ఇనబడ్తది."

నిజంగానే వినబడింది. హాస్టళ్ళ కుర్రాళ్ళంతా వచ్చి పడ్డారు. "పన్ను ఎగ్గొట్టిన కేదార్!" అని నేను గొంతు చించుకున్నా ఆ హోరులో ఎవరూ వినలేదు. కొత్త బ్యాచి మొదలవుతోందనుకుని ఈలలు వేశారు. కేదార్ కిందికొచ్చి ఆ జనాన్ని చూశాడు. సిగ్గుపడతాడనుకుంటే, లోపల్నుంచి పాంప్లెట్లు తెప్పించి తన చేత్తోనే పంచడం మొదలుపెట్టాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపమని ఓదెలుకు సైగ చేశాను. వాడు మంచి ఊపులో ఉన్నాడు, నావైపు చూడనైనా లేదు.

"థాంక్సండీ మేడమ్ గారూ. పేపర్లో ప్రకటన ఇచ్చినా ఇంతమంది రారు. రేపు కూడా వాయించండి, ఎల్లుండి చెక్కు ఇస్తాను," అన్నాడు కేదార్.

"ఇవాళే ఆఖరి రోజండీ!"

"మూడేళ్ళు ఆగారు, రెండు రోజులు ఆగలేరా?" అంటూ కుర్రాళ్ళను వెంటేసుకుని మేడెక్కేశాడు.

ఇంక్రిమెంటు పోయినట్టే. ఏడుపొచ్చింది. ఎదురుగా ఉన్న బుల్లబ్బాయిగారి టిఫిన్ సెంటర్‌లో కూలబడ్డాను. ఏటా ఏప్రిల్ మొదట్లోనే, ఎవరూ అడక్కుండా పన్ను కట్టే మనిషాయన. ఇలాంటివాళ్ళు ఒక్కరైనా ఉన్నారు కదా అని ప్రాణం కాస్త కుదుటపడింది. ఆయనే టీ తెచ్చి ఇచ్చి, ఖాళీ బల్లలకేసి ఒకసారి, కేదార్ గుమ్మంలో తోసుకుంటున్న జనంకేసి ఒకసారి చూశాడు.

"అమ్మా, ఇన్నేళ్ళలో నా కొట్టు ముందు ఒక్కసారైనా డప్పు వాయించారా?"

"మీకెందుకండీ? మీరు బాకీ లేరుగా?"

"అదేనమ్మా నేను చేసిన తప్పు. ఈ ఏప్రిల్‌లో నేనూ కట్టను. ఓదెలును నా దగ్గరికీ పంపించండి."